నేను అద్దెకిచ్చిన ట్యూషన్

ఆ రోజుల్లో కోసిగిలో ఇళ్ళు అద్దెకిచ్చేవాళ్ళున్నారు, ట్రాక్టర్లు అద్దెకిచ్చేవాళ్ళున్నారు, పెళ్ళిళ్ళకు వంటగిన్నెలు అద్దెకిచ్చేవాళ్ళున్నారు (ఈ చివరాయన మా నాయనే). కానీ ట్యూషన్‌ను అద్దెకిచ్చిన ఘనత మాత్రం నా ఒక్కదానిదే. మాది స్టీలు సామాన్ల అంగడి. గిన్నె మీద ఇరవై తగ్గించమన్న ఆయమ్మకు ఐదు తగ్గించి, నన్ను ముంచానన్న సంతోషంతో ఇంటికి పంపగలిగేదాన్ని. పుస్తకంలో ఎక్స్, వై కనబడితే మాత్రం నోరు పడిపోయేది. అయినా బడిలో లెక్కల సారుకు నా మీద గట్టి నమ్మకం. "అంగడోళ్ల పాప, లెక్కలు రక్తంలోనే ఉంటాయి" అనేవాడు. ఆ రక్తం మీద బొత్తిగా నమ్మకం లేని మా నాయన పదో తరగతి మొదలుకాగానే నన్ను ట్యూషన్‌లో చేర్పించాడు.

బెంచీ మీద నా పక్కన కూర్చునే పిల్లను మేమంతా 'గుంటూరు' అని పిలిచేవాళ్ళం. ఏటా జనవరిలో అమ్మానాయనలతో మిరపకాయలు కోయడానికి అటు పోయి, ఎండలు ముదిరాక వచ్చేది. ప్రతి ఏడూ లెక్కల పుస్తకంలో చివరి పాఠాలు ఆమెకు దక్కేవి కావు. "కూలోళ్ల పిల్లకు లెక్కలు యాడొస్తాయిలే" అనేవాడు సారు, తిట్టినట్టు కాదు, జాలిపడినట్టు.

జులైలో ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర అడిగింది. "మే, ట్యూషన్లో ఏం చెప్తారు?"

"ఏముండాది? బడిలో చెప్పిందే మళ్ళీ చెప్తారు."

"మళ్ళీ చెప్తారా!" అంది, జిలేబీ రెండోసారి వడ్డిస్తారా అన్నట్టు. "పదిలో శానా మార్కులొస్తే హాస్టల్ కాలేజీలో సీటిస్తారంట. ఫీజు లేదు, కూడు గూడా వాళ్ళదే. అది వస్తే నేనింక మిరపకాయలకు పోను మే."

ఆమెకు కావలసింది నా దగ్గర ఊరికే పడి ఉందని చూడగానే నాలో అంగడి నిద్రలేచింది. బేరం ఇలా కుదిరింది: సాయంత్రాలు నా బదులు ఆమె ట్యూషన్‌కు పోతుంది, మర్నాడు ఇంటర్వెల్‌లో నాకు చెప్తుంది, నా హోంవర్కూ రాస్తుంది. నేను పిన్నమ్మ ఇంట్లో సీరియళ్ళు చూస్తాను. ట్యూషన్ సారుకు అభ్యంతరమే లేదు. "సీటుకు దుడ్లొచ్చినాయి గదా, ఎవరు కూర్చుంటే నాకేమి?" అన్నాడు. ఒక ఫీజుకు రెండు బుర్రలు! ఇంత లాభం మా నాయన కూడా ఎన్నడూ చూసి ఉండడనుకున్నాను. (ఇంటర్వెల్ పది నిమిషాలు. అందులో ఎనిమిది సీరియల్ కథ ఆమెకు చెప్పడానికే సరిపోయేవి.)

క్వార్టర్లీలో ఆమెకు డెబ్బై ఎనిమిది, నాకు పంతొమ్మిది. సారు పేపర్ల మీది పేర్లు మూడుసార్లు చదువుకున్నాడు. ఇద్దరినీ బోర్డు దగ్గరికి పిలిచాడు. ఆమె చకచకా లెక్క చేసేసి చేతులు దులుపుకుంది. నేను ఎక్స్ ఎంతో అందంగా రాసి, అక్కడే నిలబడిపోయాను. సారు నన్ను చూసి, ఆమెను చూసి, మళ్ళీ నన్ను చూసి, ఏ రక్తం ఎవరిలో ఉందో తేల్చుకోలేక మా నాయనకు కబురు పెట్టాడు.

నాయనకు అంతకన్నా అయోమయం. "దుడ్లు కట్టింది నేను. సీటు నా కూతురిది. లెక్కలొచ్చింది ఈ పాపకు. ఇదేం యాపారం సార్?"

"తప్పు నాదే సావుకారీ" అని గుంటూరు ఏడుపు మొదలుపెట్టింది.

"నువ్వేడుస్తావేందమ్మా? సరుకు సరిగ్గా వాడుకున్నది నువ్వొక్కదానివే" అన్నాడు నాయన. ఆ సాయంత్రమే ట్యూషన్ సారు దగ్గరికి పోయి, "ఇద్దరూ సన్నగా ఉండారు, ఒక చాప చాలు" అని వాదించి, ఇద్దరికీ కలిపి ఒకటిన్నర ఫీజుకు బేరం కుదుర్చుకొచ్చాడు. అక్టోబరు నుంచి ఒకే చాప మీద ఇద్దరం. ఆమె చేసేది, నేను చూసి రాసేదాన్ని, అప్పుడప్పుడూ అర్థం కూడా అయ్యేది.

జనవరిలో వాళ్ళ నాయన అంగడికొచ్చి, పాపను తీసుకుపోతున్నామని చెప్పాడు.

"పరీక్షలు దగ్గర పడినాయి గదప్పా. మా ఇంట్లో ఉండనీ" అన్నాడు నాయన.

"ముగ్గురి పేరు మీద అడ్వాన్సు తీసుకున్యా సావుకారీ. ఇద్దరమే పోతే మేస్త్రి ఊరుకుంటాడా?"

నాయన ఒకరి వంతు ఎంతని అడిగాడు. ఆయన చెప్పాడు. ఇంతలో ఎవరో బిందె చూపమంటే నాయన అటు తిరిగాడు. నేను బిందె దించి ఇచ్చాను.

ఆమె పరీక్షలకు రెండు రోజుల ముందు వచ్చింది, వేళ్ళు మండుతున్నాయని పెన్నుకు గుడ్డ చుట్టుకుని. లెక్కల పరీక్ష రాశాక బయట ప్రశ్నపత్రం చూపింది. డిసెంబరు దాకా చెప్పిన పాఠాల్లో ఒక్కటీ వదల్లేదు, ఒక్కటీ తప్పులేదు. ఆ తర్వాతి పాఠాల్లో ఒక్కటీ ముట్టలేదు. "ఇవి నాకు చెప్పల్యా గదమే" అంది. ఫలితాలొస్తే లెక్కల్లో నాకు డెబ్బై ఒకటి, ఆమెకు అరవై రెండు. "చూసినారా, రక్తం!" అన్నాడు సారు అందరి ముందు. నేను కాదనలేదు, పైగా పేడాలు పంచాను.

హాస్టల్ సీటు ఇద్దరికీ రాలేదు. నాకు నాయన ఫీజు కట్టాడు. ఇప్పుడు కడపలో నాకే ఒక అంగడి ఉంది, బేరంలో నన్ను ఎవరూ గెలవలేరని పేరూ ఉంది. కొనేవాళ్ళు లేని మధ్యాహ్నాల్లో, ఆ తెలివైన పిల్లను తలచుకుని నవ్వుకుంటూ లెక్క వేస్తుంటాను. అద్దె పోగా ట్యూషన్ నాకు ఆరు నెలలు, ఆమెకూ ఆరే. తేడా అంతా ఆమె చేలో, నేను బెంచీ మీద ఉన్న ఆఖరి రెండు నెలలదే. ఆ రెండు నెలలు ఆమెను బడిలో ఉంచడానికి అయ్యే ఖర్చు, ఆ రోజు మా నాయన విన్నది, నేనూ విన్నది, అప్పటి మా అంగడి ధరల్లో ఐదు ప్రెషర్ కుక్కర్లు. ఆ పూట మా అరలో పద్నాలుగు ఉన్నాయి.