ముద్దకొక ముక్క

నా చిన్నప్పుడు మా ఇంట్లో కోడి కోయడమంటే మాటలు కాదు. కడప దగ్గర మా పల్లెకు వాన మొహం చాటేసిన ఏడాది అది, నాకప్పుడు తొమ్మిదేళ్లు. చెనిక్కాయ పెరకడం, అదే వేరుశనగ పీకడం, ముగిసిన రోజున చేలో పనిచేసినవాళ్లందరికీ కోడిపులుసు, రాగిసంగటి పెట్టడం మా ఇంటి ఆనవాయితీ. పంట అంతంతమాత్రమే అయినా మా జేజి, అంటే మా నాన్నను కన్నతల్లి, ఆ ఆనవాయితీ తప్పనివ్వలేదు. అమ్మానాన్నలతో కలిపి చేలో తొమ్మిదిమంది, ఇంట్లో జేజి, నేను. దొడ్లో మిగిలింది ఒకే ఒక్క పుంజు.

కాళ్లు, మెడ, ఎముకలు ముందుగా కుండలో వేసి పొద్దుటి నుంచీ సన్నని సెగ మీద ఉడికించింది జేజి. ఆ నీళ్లలో సొరకాయ, వంకాయ, మునక్కాయ వేసి, వేయించిన చెనిక్కాయలు, ఎండుకొబ్బరి, ధనియాలు నూరి కలిపింది. ఆఖరున కండ ముక్కలు, సరిగ్గా పదకొండు. ముద్దకొక ముక్క, అంతే. మిగతా ఆకలి కాయగూరలే తీర్చాలి. ఆ వాసనకు వీధిలో పోయేవాళ్లు కూడా ఒక్క క్షణం ఆగేవాళ్లు, పొయ్యి పక్కనే కూర్చున్న నా సంగతి వేరే చెప్పాలా!

"నేను పెరట్లో సంగటి గెలకాల. నువ్వు పులుసులో ఉప్పు చూడు పాపా. ముక్క జోలికి మాత్రం పోవద్దు" అని జేజి లేచి వెళ్లింది. ఉప్పు సరిగ్గానే ఉంది. నా బుద్ధే సరిగ్గా లేదు. ఒక ముక్క తిన్నాను. నా వాటా నేను ముందే తిన్నాను, తప్పేముంది అనుకున్నాను. నాలుక ఊరుకోలేదు, ఇంకొకటి తిన్నాను. అది ఎవరి వాటానో ఆలోచించలేదు.

జేజి వచ్చి గరిటెతో కుండ అడుగుదాకా కలిపింది. నా మొహం చూసింది. కోప్పడలేదు. "ఈపొద్దు వడ్డన నీదే పాపా" అని గరిటె నా చేతికిచ్చింది.

చేలోంచి వచ్చినవాళ్లు వరుసగా కూర్చున్నారు. ముద్ద పక్కన ముక్క వేస్తూ పోయాను. తొమ్మిదో కంచంతో ముక్కలు అయిపోయాయి. చివరన కూర్చున్నది జేజి. ఎన్నిసార్లు దేవినా గరిటెలోకి సొరకాయే వచ్చింది. తల ఎత్తకుండా అదే వేశాను.

"శానా బాగుండాది. కోడి సారమంతా సొరకాయలోనే ఉండాది కదప్పా!" అంది జేజి, పక్కవాళ్లందరికీ వినబడేలా. నా దొంగతనం ఇంకెవరికీ తెలియలేదు. నాకు ఏడుపు ఆగలేదు. ఎందుకని ఎవరూ అడగక ముందే నన్ను దగ్గరికి లాక్కుని, తన కంచంలోంచే నాకు సంగటి తినిపించింది.

మరుసటి పంటకు జేజి లేదు. ఆ ముక్క ఆమెకు తిరిగి పెట్టే రోజు నాకు రానేలేదు.

ఇప్పుడు కడపలో మా వీధి చివరే చికెన్ అంగడి ఉంది, కావలసినంత మాంసం దొరుకుతుంది. అయినా సొరకాయ లేనిదే నేను పులుసు పెట్టను. ఉప్పు చూడాలంటే అరచేతిలో నాలుగు చుక్కలు వేసుకుంటానే గాని ముక్క ముట్టను. అందరూ తిని లేచాక కూడా గిన్నెలో ముక్కలు మిగులుతాయి. వాటిని చూసినప్పుడల్లా నాకు కళ్లు నిండుతాయి. ఇన్ని ముక్కలున్నాయి జేజీ, నీ కంచమే లేదు.