పెరుగు డబ్బా

చిన్నప్పుడు తమ్ముళ్లను ఎత్తుకోవడంతోనే సరిపోయి, నాకు అరవై దాటాకే అక్షరాలు వచ్చాయి. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ రాయలేదు.

మెల్‌బోర్న్ చూడబోయినప్పుడు మా ఆయనా నేనూ ఒక యూదుల బార్బెక్యూ హోటల్లో కాల్చిన కోడి తిన్నాం. మాంసం దగ్గరికి వాళ్లు పాలూ పెరుగూ రానివ్వరని నాకు తెలియదు. చివర్లో పెరుగు లేనిదే నాకు తిన్నట్టుండదని సంచిలోంచి డబ్బా తీశాను.

పక్క బల్ల దగ్గరి ముసలామె "నో మిల్క్!" అని అరిచి గోడమీది బోర్డు చూపించింది. అందరూ నన్నే చూశారు.

"వైఫ్, నో రీడింగ్," అని మా ఆయన నవ్వారు.

ఆమె నవ్వలేదు. ఆయన కళ్లజోడుకేసి వేలు చూపించి, "యూ కెన్ రీడ్!" అంది.

"బోర్డు ముందే చదివారా?" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

మర్నాడు పొద్దున ఆయన కాఫీ అడిగితే, కాగితం ఇచ్చి, "ముందు నా పేరు ఎలా రాయాలో నేర్పండి," అన్నాను.