ఈదమ్మత్త నా గొంతులో పెట్టిన వేళ్లు

గద్వాల బస్టాండు పక్కన పురుగుమందుల దుకాణం దాటాల్సి వచ్చినప్పుడల్లా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటాను. ఆ ఘాటు తగిలిందంటే చాలు, నలభయ్యో పడిలో ఉన్న ఈ ఒళ్లు తొమ్మిదేళ్ల ఒళ్లయిపోతుంది.

అయిజ పక్కన మా ఊళ్లో అప్పట్లో ఎటు చూసినా విత్తనాల కోసం వేసే సీడు పత్తి చేలే. రేపు విచ్చుకోబోయే మొగ్గల తొక్క సాయంత్రమే గోటితో ఒలిచి, గుర్తుకు ఎర్ర కాగితం తొడిగి, మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి రాయాలి. ఆ పనికి చిన్న వేళ్లయితేనే బాగుంటాయని వానాకాలం చివర్లో పెత్తరమాస దాటేదాకా మా పిల్లల బడి అంతా ఆ సాళ్లలోనే నడిచేది. మూటలో జొన్నరొట్టె, పుంటికూర, పల్లీల పొడి, గట్టు మీద అచ్చనగిల్లలాట, పసరుకు నల్లబడ్డ గోళ్లు. పక్క సాలులో ఈదమ్మత్త ఉండేది. చుట్టమేం కాదు, మొగుడు పోయి కూలికి వచ్చే మనిషి. పాట అందుకుంటే సాలు చివరిదాకా ఆపేది కాదు, ఆకలేస్తుందంటే తన రొట్టె సగం విరిచి ఇచ్చేది.

ఇంట్లో మాకు ఇంకో బడి ఉండేది. నాన్నకు తల్లి, మా జేజి, పొద్దున్నే వాకిట్లో బొగ్గుపొడితో పళ్లు తోముకుంటూ ఇంటిల్లిపాదినీ కలలు అడిగేది. పెళ్లి కనిపిస్తే చావట, బురదనీళ్లు కనిపిస్తే జ్వరమట, మనిషి వచ్చి ముట్టుకుంటే ఆ మనిషి మనకేదో చేసినట్టేనట! ఏమీ రాలేదంటే వదిలేది కాదు మహాతల్లి, "మంచిగ యాది చేస్కో" అని జుట్టు పట్టుకునేది. ఆ దెబ్బకు రాని కలలు కూడా చెప్పడం నేర్చుకున్నాను.

ఒకరోజు, మందు కొట్టి ఇంకా ఆరని సాళ్లలో పొద్దంతా పనిచేసి, చేతులు కడుక్కోకుండానే రొట్టె తిన్నాను. ఆ తర్వాత గుర్తున్నవి ముక్కలే. తెల్లగా కాలిపోతున్న ఆకాశం, నా ముఖం మీదికి వంగిన ఈదమ్మత్త, విడిపోయిన ఆమె జుట్టు, గొంతుదాకా దిగిన ఆమె వేళ్లు, ఊపిరాడక తన్నుకోవడం. కళ్లు తెరిస్తే ఇంట్లో మంచం మీద ఉన్నాను. ఎండదెబ్బ అన్నారు. మూడు రోజులు ఒళ్లు కాలిపోయింది, చేతులూ కాళ్లూ కొట్టుకున్నాయి.

నాలుగోనాడు పొద్దున జేజి నా మంచం పట్టె మీద కూర్చుంది.

"కలల ఎవరొచ్చిండ్రే?"

"ఈదమ్మత్త. గొంతుల చెయ్యి పెట్టింది."

అబద్ధం చెప్పలేదు నేను. జేజి కల గురించి అడిగింది కాబట్టి అది కలే అనుకున్నాను.

ఎండ ఎక్కేలోపు నాన్న ఈదమ్మత్తను జుట్టు పట్టి ఊరి నడుమకు ఈడ్చుకొచ్చాడు. ఆమెతో పాటు చీర కుచ్చెళ్లూ మట్టిలో ఈడ్చుకుంటూ వచ్చాయి. అమ్మ నన్ను భుజాన వేసుకుని గుంపులో నిలబడింది.

"పిల్ల నోట్ల చెయ్యి పెట్టినవా లేదా, చెప్పవే!"

"ఔ, పెట్టిన. నేనే పెట్టిన, పిల్ల..." అందామె. అంతే, కర్ర మూతి మీద పడింది. ఒప్పుకుంది, ఒప్పుకుంది అని ఒకటే కేకలు. బాణామతి చేసేవాళ్ల పళ్లు ఊడగొడితే మంత్రం పలకదని మా వైపు నమ్మకం. చిన్నాయన పట్టకారు తెచ్చాడు. ఇద్దరు చేతులు తొక్కిపట్టారు, ఒకడు రొమ్ము మీద మోకాలు వేశాడు. పచ్చికట్టె విరిచినట్టు చప్పుడైంది. రెండోది సగంలో విరిగితే మళ్లీ పట్టి లాగారు. నెత్తురు ఆమె రవికె మీద, మట్టిలో, నాన్న చొక్కా మీద. "దీనికి వత్తాసొచ్చినోళ్ల పండ్లు గూడ ఊడుతయ్!" అని నాన్న గుంపు వైపు తిరిగి అరిచాడు. ఏడు పళ్లు పీకారు. ఆమె పీకేవాళ్ల వంక చూడనేలేదు, మా వంకే చూసింది. సిగ్గు విడిచి చెప్తున్నాను, నా కల నిజమైందని ఆ పూట నాకు గొప్పగా అనిపించింది.

ఆ వారమే ఆమె ఊరొదిలి ఆత్మకూరులో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. నేను చదువుకున్నాను, కలలు ఉత్తవేనని తెలుసుకున్నాను. ఉత్త కలొకటి చెప్పి మనిషిని నాశనం చేశానని ఇన్నేళ్లూ నన్ను నేనే తిట్టుకున్నాను, చచ్చిపోవాలనిపించిన రోజులు కూడా ఉన్నాయి.

ఇప్పుడు జేజీ లేదు, నాన్నా లేడు. సీడు చేలు సగం ప్లాట్లయ్యాయి, పొద్దున్నే కలలు అడిగేవాళ్లు ఎవరూ లేరు, లేవగానే అందరూ ఫోన్లు చూసుకుంటారు. మొన్న ఈదమ్మత్త పోయిందని కబురొచ్చింది. అమ్మ నా దగ్గరే ఉంటుంది, వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఉండబట్టలేకపోయాను.

"నాకు అసొంటి కల రాకుంటే ఆమె బతుకు గట్ల కాకపోవు గదమ్మా."

అమ్మ తల ఎత్తలేదు.

"కల గాదు బిడ్డా. మందు ఎక్కి నువ్వు కండ్లు తేలేసినవ్. ఏళ్లు పెట్టి కక్కిచ్చి బతికిచ్చింది ఆమెనే. మందు ఆరని చేన్ల పిల్లను దింపినవని మీ నాయన నన్ను సంపుతడని, ఇంట్ల ఎండదెబ్బ అని చెప్తి."

"గప్పుడు నువ్వు యాడుంటివి?"

"యాడుంట? నీ తల నా తొడ మీదనే ఉండె."