ఐదు ముక్కల పుస్తకం

పోయిన వారం మార్కెట్టు నుంచి వస్తుంటే, మా వీధి చివర నోటుపుస్తకాలు కుట్టే దుకాణం ముందు మైదా జిగురు ఉడుకుతున్న వాసన తగిలింది. పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం వేస్తారు. ఆ ఆవిరి గొంతులో కాస్త గీరుకుంటుంది. కూరగాయల సంచి పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. "ఏంగావాలమ్మా?" అని దుకాణం అతను రెండుసార్లు అడిగాడు. ఏమీ వద్దని చెప్పి కదిలాను. నిజానికి నాకు ఎస్తేరక్క కావాలి. ఆమె పోయి చాలా ఏళ్ళయింది.

ఆమె గురించి చెప్పాలంటే ముందు ఆ రోజుల్లో కాలేజీ పుస్తకాల ధర గురించి చెప్పుకోవాలి. డెబ్బైల చివరి మాట. మాది కనకమ్మ సత్రం అనే ఊరి పక్కన పల్లె, వేరుశెనగ పండించే ఇల్లు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని నేనే. తెల్లారగానే బస్సులో తిరువళ్ళూరు వచ్చి, అక్కడ రైలెక్కి మద్రాసు వెళ్ళి కెమిస్ట్రీ చదివేదాన్ని. ఫీజు ఎలాగో గట్టెక్కేది, రైలుకు సీజన్ పాసు ఉండేది. పుస్తకాల దగ్గరే ప్రాణం మీదికి వచ్చేది. రెండో ఏడు ఫిజికల్ కెమిస్ట్రీకి ఇటుకంత మందం పుస్తకం ఒకటి చెప్పారు. దాని ధర వినగానే నాన్న, "బస్తా శెనక్కాయలు అమ్మాలనా, ఒగ పుస్తకానికి? దాంట్లో బంగారం పొదిగినారా ఏంది?" అన్నాడు. కాలేజీ లైబ్రరీలో ఉన్న ఒక్క కాపీ ఎప్పుడూ తాళం వేసిన బీరువాలోనే ఉండేది. పైగా నాన్న నన్ను ఒక షరతు మీద పంపాడు. "ఒక్క సబ్జెక్టు పోయినా సరే, ఇంగ కాలేజీ మాట ఎత్తగూడదు. చేసేదానికి మనింట్లో పని లేకనా?" ఆ మాట రోజూ నాతోపాటే రైలెక్కేది.

ఆడవాళ్ళ పెట్టెలో మా క్లాసు పిల్లలం ఐదుగురం ఉండేవాళ్ళం. తిరుత్తణిలోనే ఎక్కే వళ్ళి మా అందరికీ సీట్లు పట్టి ఉంచేది. వాళ్ళమ్మ కొండ కింద పూలు అమ్మేది. ఐదుగురం తలా కొంత వేసుకుని మద్రాసు మూర్ మార్కెట్టులో ఆ పుస్తకం పాత కాపీ ఒకటి కొన్నాం. కొన్నప్పటికే దాని వెన్ను విరిగి ఉంది. తిరువళ్ళూరు స్టేషను పక్కనే పెళ్ళిపత్రికలు అచ్చువేసే చిన్న ప్రెస్సు ఉండేది. అందులో బైండింగు చేసే మనిషే ఎస్తేరక్క. నలభై దాటిన వయసు, పొట్టి మనిషి, దారం కోసుకోకుండా చూపుడు వేలికి గుడ్డపేలిక చుట్టుకుని ఉండేది. తమిళం బాగా చదివేది, తెలుగు కూడబలుక్కునేది, ఇంగ్లీషు రాదు. పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవరిది మే ఇది?" అంది.

"అందరిదీనక్కా. వారానికి ఒగరం ఇంటికి తీసకపోతాము," అన్నాను.

"అంటే ఒగరు చదవతా ఉంటే నలుగురు సుమ్మా, ఊరికే కూసుంటారా? పాఠాలు యాడాడ ముగస్తాయో పెన్సిలుతో గీత పెట్టండి. ఐదు ముక్కలు చేసిస్తా."

ఆమె కత్తి తీసేసరికి పుస్తకానికి అడ్డం చేతులు పెట్టాం. కాగితానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే పిల్లలం మేము. ఆయుధపూజ నాడు పుస్తకాలకు బొట్టుపెట్టి, మర్నాటి దాకా తెరవని ఇళ్ళు మావి. వళ్ళి అయితే ఏడుపు మొహం పెట్టి, "అక్కా, పుస్తకాన్ని కత్తితో కోస్తే సదువు వస్తాదా?" అంది.

"మూసిపెట్టి దణ్ణం పెడితే మాత్రం వస్తాదా? చదివేదానికి కోస్తే ఏ దేవుడూ కోపగించుకోడు. గీత సక్కగా పెట్టు, మధ్యలో తెగితే నాకు తెలీదు," అంటూ ఆమె పని మొదలుపెట్టేసింది.

మూడు రోజుల్లో ఐదు పుస్తకాలు తయారయ్యాయి, గట్టి అట్ట, పైన నీలం గుడ్డ. కూలి ఎంత అంటే తల అడ్డంగా ఊపింది. "నాకు కూలి వద్దు గానీ ఒగ మాట. సోమారం సోమారం ముక్కలు మార్చుకుంటారు గదా. చేతికిచ్చే ముందు దాంట్లో ఉండేదంతా నోటితో చెప్పి ఇవ్వాల. చెప్పకుండా ఇచ్చేదానికి లేదు." అదే మా పద్ధతి అయిపోయింది. తిరువళ్ళూరులో రైలు కదిలిందంటే పాఠం మొదలు. తిరునిన్రవూరు దాటేసరికి పక్కనున్న ఆఫీసు ఆడవాళ్ళు కూడా మా మాటలు వింటుండేవాళ్ళు. లెక్చరరు చెప్పినప్పుడు అర్థం కానిది ఆ కుదుపుల్లో అర్థమయ్యేది. చెప్పాలన్న భయంతో చదివేవాళ్ళం, చెప్పాక ఆ భయం పోయేది.

ఇక నా నిర్వాకం చెబుతాను. పరీక్షలు మూడు వారాల్లో ఉన్నాయనగా థర్మోడైనమిక్స్ ఉన్న మూడో ముక్క నా వంతుకు వచ్చింది. ఎంత చదివినా బుర్రకెక్కలేదు. సోమవారం దాన్ని వళ్ళికి ఇవ్వాలి. ఆదివారం సాయంత్రం నాన్న చేనులోంచి వచ్చి, నా పక్కన కూర్చుని, "పాసైతావు గదమ్మా?" అని మెల్లగా అడిగాడు. అరిచినా బాగుండేది. ఇంకొన్నాళ్ళు నా దగ్గరే ఉంటే వస్తుందనుకుని, మర్నాడు ఆ ముక్కను బియ్యం డబ్బాలో దాచేసి రైలెక్కాను. బస్సులో పోయిందని చెప్పాను. ముగ్గురు మొహమొహాలు చూసుకున్నారు. వళ్ళి మాత్రం నా చెయ్యి పట్టుకుని, "ఏడవద్దు మే, కావాలని పోగొట్టినావా ఏంది," అంది. ఆ క్షణాన నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా నోరు విప్పలేదు.

శనివారం అందరం వెళ్ళి ఎస్తేరక్కకు చెప్పాం. ఆమె నన్నొకసారి చూసింది. "పోయిందా? సరే. నువ్వు చదివినావు గదా. రేపు నేను చర్చి నుంచి వచ్చినాక అందురూ రాండి. నువ్వు చెప్పు, వాళ్ళు రాస్తారు, నేను కుడతా. ఇంగో ముక్క తయారైపోతాది," అంది.

మర్నాడు ప్రెస్సులో నేల మీద తెల్ల కాగితాలు పరిచి పెట్టింది. నేను చెప్పడం మొదలుపెట్టాను. నలుగురూ వంగి రాస్తున్నారు. మూడు పేజీలు బాగానే నడిచింది. అప్పుడు వళ్ళి తలెత్తి, "వాయువు వ్యాకోచిస్తే చేసే పనికి ముందు ప్లస్సా, మైనస్సా?" అని అడిగింది. నాకు తెలియదు. తెలియదన్న మాట నోట రాలేదు. "ప్లస్సే," అన్నాను. వళ్ళి మారు మాట లేకుండా సిరాతో ప్లస్ అని రాసుకుని, కింద గీత కూడా గీసింది. ఆ గీత చూశాక ఇక నా వల్ల కాలేదు. "రాయద్దు వళ్ళీ! నాకు తెలీదు. పుస్తకం పోలేదు. ఇంట్లోనే ఉండాది," అని భోరుమన్నాను.

ఎస్తేరక్క సూదిలో దారం ఎక్కిస్తున్నదల్లా పక్కన పెట్టి, "సత్రానికి బస్సు ఎన్ని గంటలకి?" అంది.

"ఇప్పుడొకటి ఉందక్కా."

"పో. తీసకరా. ఏడిచేది బస్సులో ఏడువు, ఈడ పని ఉండాది."

పొద్దు వాలకముందే పుస్తకం తెచ్చి వళ్ళి చేతిలో పెట్టాను. ఆమె నన్నొక్క మాట అనలేదు. కానీ ఆరు రోజులు పోయాయి.

ఫలితాలు వచ్చాయి. నలుగురం పాసయ్యాం. వళ్ళికి ఆ ఒక్క పేపరే పోయింది. వాళ్ళన్న సీజన్ పాసు ఆపేసి, పూలు కట్టడానికి కూర్చోబెట్టాడు. నేను పరుగున ఎస్తేరక్క దగ్గరికి వెళ్ళి, "నా వల్లే పోయిందక్కా," అని ఏడ్చాను. ఓదారుస్తుందనే వెళ్ళాను, దాచడం ఎందుకు.

"నీవల్లనో కాదో ఆ లెక్క నాకొద్దు. మళ్ళా పరీచ్చ ఎప్పుడు?"

"సెప్టెంబరులో."

"అయితే సెప్టెంబరు దాకా నువ్వూ ఫెయిలే," అని కత్తి చేతిలోకి తీసుకుంది.

నాకు కోపం వచ్చింది. పాసైన దాన్ని పట్టుకుని ఫెయిలంటుందేమిటి అని బస్సులో పళ్ళు నూరుకుంటూ వచ్చాను. కానీ ఆ ఆదివారమే తిరుత్తణి బస్సెక్కాను. వాళ్ళన్న గుమ్మంలో అడ్డం నిలబడి, "చదివింది చాల్లే, పో," అన్నాడు. నేను పోలేదు, గుమ్మం బయట అరుగు మీద పూలు కడుతున్న వళ్ళి ముందు కూర్చుని నేనూ కట్టడం మొదలుపెట్టాను. నా మాల వంకరటింకరగా వచ్చేది, వాళ్ళమ్మ విప్పి మళ్ళీ కట్టుకునేది. చేతులు పూల మీద, నోరు థర్మోడైనమిక్స్ మీద. మూడో ఆదివారానికి వాళ్ళన్న అడ్డు తప్పుకున్నాడు. ఒక్క వారం కూడా మానలేదు, జ్వరం వచ్చినా మానలేదు. సెప్టెంబరులో వళ్ళి రాసింది, పాసైంది, మరుసటి ఏడు మళ్ళీ కాలేజీలో చేరింది. ఆ కబురు చెబితే ఎస్తేరక్క మిఠాయి అడగలేదు, మెచ్చుకోనూ లేదు. "ఆ పిల్లకి మూడో ఏడు పుస్తకాలు తెచ్చినారా?" అని మాత్రం అడిగింది.

ముప్పై ఏళ్ళకు పైగా కెమిస్ట్రీ చెప్పాను. గోడకు ఫలితాల కాగితం అంటించిన రోజు తక్కిన టీచర్లు పాసైనవాళ్ళను లెక్కపెట్టుకునేవాళ్ళు. నేను పోయినవాళ్ళ పేర్లు రాసుకుని ఇంటికి వచ్చేదాన్ని. ఆ పేర్లు ఒక్కటొక్కటే కొట్టివేసేదాకా నాకు అన్నం రుచించేది కాదు. అది మంచితనం అని ఎవరైనా అంటే నవ్వొస్తుంది. మొన్న ఒక పిల్ల పుస్తకం చంకన పెట్టుకుని మా వసారా మెట్ల మీద నిలబడి, "టీచర్, మీరు రిటైరైపోయినారంట గదా, మిమ్మల్ని ఇబ్బంది పెడతా ఉండానేమో," అంది.

"ఎవరు చెప్పినారు?" అన్నాను. "నీకింకా ఒక పేపరు ఉండాది. కూర్చో."