పలకరాయి మీద కొత్త బట్ట

విజయనగరంలో మా పూల్ పార్లర్‌లో కర్రతో బంతులు కొట్టి ఆడే బల్లలు రెండే ఉన్నాయి. కిందటేడు పెద్దదాని బట్ట చిరిగింది. కాలేజీ కుర్రాడొకడు బంతిని ఎగరేయబోయి కర్రతో జానెడు చీల్చేశాడు. బట్ట వేసే మనిషి విశాఖ నుంచి రావాలి. కొత్త బట్టయితే బస్సులో పంపాడు గానీ, తనకి పై నెల దాకా తీరదన్నాడు.

నేను వేస్తానన్నాను. నెల్లిమర్లలో మా నాన్నకి సీట్లు కుట్టే షాపుండేది. ఆటో సీట్లకీ సోఫాలకీ రెగ్జిన్ బిగిస్తూ పెరిగినదాన్ని. పెళ్లయ్యాక ఆ పని మానేశాను, అంతే.

మా ఆయన నాకు మేనబావే. ఆయనకి నమ్మకం కుదరలేదు.

"సోఫా కాదే ఇది. ముడత పడితే ఏటి సేస్తావు?"

"ఇప్పి మళ్లీ లాగుతాను బావా."

సోమవారం పార్లర్ మూసి పనిలో దిగాం. రబ్బరు అంచులున్న చెక్కలు విప్పి, పాత బట్ట పిన్నులు పీకాం. కింద నల్లటి పలకరాయి బయటపడింది. మూడు పలకలు పక్కపక్కనే పేర్చి ఉన్నాయి. వాటి అతుకుల్లో మైనం లేచిపోయింది. దాన్ని గీకేసి, కొత్త మైనం కరిగించి పోసి, బ్లేడుతో చదును చేశాను. దుమ్ము రేగకూడదని ఫ్యాన్లు ఆపించాను. ఇద్దరం చెమటతో తడిసిపోయాం.

బట్ట మీద సన్నటి నూగు ఉంటుంది. ఆట మొదలుపెట్టే వైపు నుంచి అవతలికి చెయ్యి నున్నగా జారేలా పరిచాను. బావ లాగుతుంటే నేను పిన్నులు కొట్టాను. గట్టిగా లాగడం ఎవరికైనా వస్తుంది. అంతటా ఒకేలా లాగాలి. మూడు వైపులా అయ్యాక అరచేత్తో తడిమి చూశాను. బంతి పడే పక్క గుంట దగ్గర ఆవగింజంత ఏదో తగిలింది. మైనం ముక్క కింద ఉండిపోయింది.

"ఒగ్గేయే, ఎవుడికి కనిపిస్తాది?" అన్నాడు బావ.

"బంతికి కనిపిస్తాది."

ఆయన తనే పటకారు అందుకున్నాడు. పిన్నులన్నీ పీకి, ఆ మైనం ముక్క గీకేసి మళ్లీ మొదలుపెట్టాం. రెండోసారి పని తొందరగా సాగింది. ఎక్కడ ఎంత లాగాలో నేను చెప్పకుండానే ఆయన చేతులకి తెలిసింది.

మధ్యాహ్నానికి చెక్కలు బిగించాం. బావ తెల్ల బంతి పెట్టి మెల్లగా తోశాడు. అది తిన్నగా వెళ్లి, అవతలి రబ్బరుకి తగిలి, అదే గీత మీద వెనక్కి వచ్చింది. ఇంకోసారి తోసి చూశాడు. అప్పుడు విశాఖకి ఫోన్ చేసి, రానక్కర్లేదని చెప్పాడు. ఎవరు వేశారని అవతల అడిగినట్టున్నారు.

"మా ఇంట్లోనే మనిసి ఉన్నాది," అన్నాడు.

నేను కింద పడ్డ పిన్నులు ఏరుతూ నవ్వుకున్నాను.

వారం తిరక్కుండానే గరివిడిలో ఒక క్లబ్బు నుంచి ఫోనొచ్చింది. విశాఖ మనిషే మా నంబరిచ్చాడట, వాళ్ల బల్లకీ బట్ట మార్చాలట. బావ ఏదో నసుగుతుంటే ఫోను నేనే తీసుకుని, బల్ల కొలతలు చెప్పమన్నాను.