నొక్కి చూడని నల్ల మెట్లు

సెకండ్ హ్యాండ్ కీబోర్డు అమ్మి నన్ను మోసం చెయ్యగలిగేవాడు ఢిల్లీలో ఇంకా పుట్టలేదని అప్పట్లో నా నమ్మకం. నిజంగానే ఎవరూ మోసం చెయ్యలేదు. ఇప్పటికీ నా ఒళ్ళు మండేది అందుకే.

మా అమ్మాయికి పదమూడేళ్ళు. ఢిల్లీని ఆనుకున్న ఇందిరాపురంలో మా సొసైటీ వెనక వీధిలో ఉండే టీచర్ దగ్గర మూడేళ్ళుగా కీబోర్డు నేర్చుకుంటోంది. గ్రేడు పరీక్ష పాసైతేనే స్కూలు ఆర్కెస్ట్రాలో చోటిస్తామన్నారు. ఆ చోటు కోసం పిల్ల ఏడాది నుంచీ కాచుకుని కూర్చుంది. పరీక్షకి నెల కూడా లేదనగా ఇంట్లో కీబోర్డు ఒక పొద్దున్న ఆన్ అవడం మానేసింది.

"కొత్తది తెచ్చెయ్యండి," అంది మా ఆవిడ. ఆసుపత్రిలో నర్సు, ఏ విషయమైనా ఒక్క ముక్కలో తేల్చేస్తుంది.

నేను వింటేనా! ఇరవై ఏళ్ళుగా చర్చిలో కీబోర్డు వాయిస్తున్నవాణ్ణి. ముందు కాకినాడలో, ఇప్పుడు ఇక్కడ ఆదివారం పూట ఒక బడి హాలు అద్దెకు తీసుకుని జరుపుకునే మా తెలుగు ఆరాధనలో. వాద్యం చూసి మంచిచెడ్డలు చెప్పగలిగిన మనిషి ఇంట్లో ఉండగా కొత్తదానికి అంత పొయ్యడం దేనికి? ఫోన్లో వెతకడం మొదలుపెట్టాను.

ఆ వెతుకులాట గురించి ఎంత చెప్పినా నా కసి తీరదు. ఒకడు కీబోర్డు ఫొటో అని పెట్టిన దాంట్లో కీబోర్డు కన్నా మంచం మీద దుప్పటి ఎక్కువ కనిపిస్తోంది. ఇంకొకాయన "ఒక్కసారే వాడాం" అన్నాడు. ఆ ఒక్కసారి ఎన్నేళ్ళు సాగిందో గానీ మెట్ల మీద అక్షరాలన్నీ అరిగిపోయాయి. నోయిడాలో ఒకావిడ అడాప్టర్ ఇవ్వనంది. ఎందుకండీ అంటే, అది వాళ్ళ వైఫై డబ్బాకి సరిపోయిందట. గురుగ్రామ్‌లో ఒకడు సరే రమ్మన్నాడని ఆఫీసు అయ్యాక అంత ట్రాఫిక్‌లో పడి వెళితే, గేటు దగ్గరికి చేరాక "సారీ భయ్యా, అమ్ముడైపోయింది" అని మెసేజ్ పెట్టాడు.

ఒకడు సైన్యంలో ఉన్నానన్నాడు. బదిలీ అయిందనీ, కీబోర్డు సైన్యం బండిలో మా ఇంటికే వస్తుందనీ, రవాణా ఖర్చు మాత్రం ముందుగా పంపమనీ గుర్తింపు కార్డు ఫొటోతో సహా పెట్టాడు. ఈ వేషాలు నాకు కొత్త కాదు. "ఇవాళ్టి పేపరు పక్కన పెట్టి, నాలుగు స్వరాలు వాయించి వీడియో పంపండి సార్" అన్నాను. మరుక్షణం నన్ను బ్లాక్ చేశాడు. ఆ రోజంతా నేను ఆఫీసులో కనిపించినవాళ్ళందరికీ పాఠం చెప్పాను. ముందుగా పైసా పంపకూడదు, వాళ్ళు పంపిన క్యూఆర్ కోడ్ స్కాన్ చెయ్యకూడదు, మనిషి ఇంటికి వెళ్ళి కళ్ళతో చూడాలి, చేత్తో వాయించాలి, ఆ తరవాతే డబ్బు. ఇందులో ఒక్క ముక్క తప్పు లేదు.

చివరికి సాకేత్‌లో దొరికింది. ఉద్యోగం మారి బెంగళూరు వెళ్ళిపోతున్న కుర్రాడు, అక్క వాడిన కీబోర్డు అమ్మేస్తున్నాడు. మర్యాదస్థుడు. టీ ఇచ్చాడు, పెట్టె ఇచ్చాడు, బిల్లు కూడా దాచి ఉంచాడు. నేను డాక్టరులా దాని చుట్టూ తిరిగాను. కరెంటు తీగ కదిపి చూశాను, స్పీకర్ల దగ్గర చెవి పెట్టాను, పెడల్ తొక్కాను. శ్రుతి మార్చే బటన్ బాగా పనిచేస్తోందో లేదో రెండుసార్లు చూశాను. అది లేకపోతే నాకు చెయ్యి ఆడదు. తరవాత అరగంట పాటు మా ఆరాధన పాటలన్నీ ఆ చివర నుంచి ఈ చివర దాకా వాయించాను.

"అంకుల్, ఆప్ కమాల్ కా బజాతే హో," అని నా వాయింపుని మెచ్చుకున్నాడు కుర్రాడు.

"పర్‌ఫెక్ట్‌గా ఉంది బేటా," అని డబ్బు ఇచ్చేశాను.

ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టగానే అమ్మాయి పరీక్ష పాట ఎత్తుకుంది. మూడో వరస దగ్గర ఆగింది. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ అక్కడే ఆగింది.

"డాడీ, యే తో బజ్ హీ నహీ రహా," అంది. పిల్లకి మన తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే.

మోగకపోవడమేమిటని నేను వెళ్ళి నొక్కాను. నిజమే. మధ్యలో నాలుగు నల్ల మెట్లు చచ్చిపోయి ఉన్నాయి. ఎంత నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"ఆప్నే చెక్ నహీ కియా?" అంది, చూసుకోలేదా అన్నట్టు.

ఏం చెప్పను? మా చర్చిలో పాట ఏ శ్రుతిలో మొదలవుతుందో ఎత్తుకునేదాకా పాడేవాళ్ళకే తెలియదు. వాళ్ళు ఎత్తుకోగానే నేను ఆ బటన్ రెండుసార్లో నాలుగుసార్లో నొక్కుతాను, యంత్రమే శ్రుతి పెంచుకుంటుంది. నా వేళ్ళు మాత్రం ఎప్పుడూ అవే ఏడు తెల్ల మెట్ల మీద తిరుగుతాయి. మా వైపు చర్చిల్లో నాలా వాయించేవాళ్ళు బోలెడుమంది. ఇరవై ఏళ్ళలో నల్ల మెట్టు ముట్టుకోవలసిన అవసరమే నాకు రాలేదు. సాకేత్‌లోనూ ముట్టుకోలేదు.

మా ఆవిడ వంటింట్లోంచి అంతా వింటూనే ఉంది. "మేము పేషెంటుకి నొప్పి ఎక్కడుందో అక్కడ నొక్కి చూస్తామండీ. మీరు నొప్పి లేనిచోటల్లా నొక్కి వచ్చారు," అంది.

కుర్రాడికి ఫోన్ చేశాను. అప్పటికే విమానాశ్రయంలో ఉన్నాడు. "అంకుల్, నాకు వాయించడం రాదు. మీరు అరగంట చూసి పర్‌ఫెక్ట్ అన్నారు కదా," అన్నాడు చాలా నెమ్మదిగా. అరిచి ఉంటే బాగుండేది, నేనూ అరిచేవాణ్ణి. లక్ష్మీనగర్‌లో మరమ్మతు చేసేవాడు విప్పి చూసి, ఆ నాలుగింటి కింద రబ్బరు పట్టీ పోయిందన్నాడు. కొత్త పట్టీ రావడానికి రెండు వారాలు పడుతుంది, పరీక్షేమో పది రోజుల్లో. చర్చి కీబోర్డు బడివాళ్ళ స్టోర్ రూములో ఉంటుంది, ఆదివారం తప్ప తాళం తియ్యరు. టీచర్ తమ్ముడి పెళ్ళికని లక్నో వెళ్ళారు. కొత్తది కొనేస్తానన్నాను.

"రెహనే దో డాడీ," వద్దులే అంది పిల్ల. నా మొహం చూసి జాలిపడిందనుకుంటాను. అప్పుడైనా ఆ మాట పక్కన పెట్టి షాపుకి పరిగెత్తాల్సింది. ఒకసారి డబ్బు పోసిన బాధ ఉంది కదా, సరే అని ఊరుకున్నాను.

పిల్ల ఆ కీబోర్డు మీదే సాధన చేసింది. చచ్చిన మెట్టు వచ్చినప్పుడల్లా వేలితో నొక్కుతూ ఆ స్వరం నోటితో పాడేది. మొదటిరోజు వేళాకోళానికి "టింగ్" అంది. మర్నాటికి సరిగ్గా శ్రుతిలో పలకడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు సండే స్కూల్లో పాడిన తరవాత ఆ గొంతు నేను మళ్ళీ వినలేదు. లాప్‌టాప్ మూసేసి మరీ వినేవాణ్ణి. చుట్టాలకి వినిపించడానికి ఫోన్లో రికార్డు కూడా చేశాను. అలవాటైపోతుందమ్మా, పాడకు అని చెప్పాలన్న ఇంగితం నాకు లేకపోయింది.

పరీక్ష గురుగ్రామ్‌లో. తలుపు బయట కుర్చీలో కూర్చున్నాను. లోపల పాట మొదలైంది. బాగా సాగుతోంది. మూడో వరస దగ్గర నల్ల మెట్టు ఖంగున మోగింది, దానితో పాటే పిల్ల గొంతు కూడా. ఆ వెంటనే రెండూ ఆగిపోయాయి. నేను కుర్చీలోంచి లేచి తలుపుకి చెవి ఆనించాను. తరవాత ఆ వరస మొదటి నుంచి మళ్ళీ ఎత్తుకుంది, ఈసారి నోరు విప్పకుండా.

పిల్ల బయటికి వచ్చింది. తనే చెప్పింది, "వో బజ్ గయా, డాడీ. మై డర్ గయీ." మోగుతుందన్న సంగతే మరిచిపోయిందట, మోగేసరికి భయమేసిందట.

నేను కారు తాళం కోసం జేబులన్నీ వెతికాను. తాళం చేతిలోనే ఉంది.

పిల్ల పాసైంది. ఆర్కెస్ట్రాలో చోటు కూడా వచ్చింది. మధ్యలో ఆగినందుకు, వాయిస్తూ పాడినందుకు మార్కులు తగ్గించామని పరీక్షకురాలు మార్కుల కాగితం అడుగున రాసింది. మా ఆవిడ దాన్ని ఫ్రిజ్ తలుపు మీద అంటించింది. వచ్చినవాళ్ళంతా పిల్లకి ఎన్ని వచ్చాయో చూసి మెచ్చుకుంటారు. నా కళ్ళు మాత్రం తీసేసిన మార్కుల మీదకే పోతాయి. అవి పిల్లవి కావు, నావి.