అధ్యక్షుడికి ఆవకాయ

నిన్న సింగపూర్ జురాంగ్ ఈస్ట్‌లో, తిండి అంగళ్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో కాఫీ తాగుతుంటే, ఒక చిన్న ద్వీపదేశపు మాజీ అధ్యక్షుడు పోయాడని టీవీలో చెప్పారు. పక్క బల్లల వాళ్లెవరూ తల ఎత్తలేదు. నా కాఫీ మాత్రం అలాగే చల్లారిపోయింది. ఆ దొరగారు ఒకప్పుడు బుకిట్ బటోక్‌లో మా మామయ్య ఫ్లాట్‌లో, నేల మీద బాసింపట్టు వేసుకుని ఆవకాయ అన్నం తిన్న మనిషి.

మామయ్యది కాకినాడ. ఇక్కడ ఓడలకు బియ్యం, కూరగాయలు, తాళ్లు సరఫరా చేసే వ్యాపారం. ఆ పెద్దమనిషిని అప్పట్లో సొంత దేశపు ప్రభుత్వం తరిమేస్తే, పత్రికల్లో రాసే స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని సింగపూర్లో తలదాచుకున్నాడు. రేవులో మామయ్యకి పరిచయమై ఇద్దరూ ఇంటికి భోజనానికి వచ్చేవారు. చదువుకోడానికి వచ్చి ఆ ఇంట్లోనే ఉన్న నేను ముగ్గురికీ వడ్డించేదాన్ని. రాజకీయాల మీద ముగ్గురూ ఆవేశపడేవారు గాని, కారానికి కళ్లనీళ్లు వచ్చేది పత్రికాయనకే. ముక్కు తుడుచుకుంటూనే మళ్లీ వెయ్యమనేవాడు. మామయ్యకి అతనంటేనే ముద్దు ఎక్కువని నా అనుమానం.

రోజులు మారాయి. ఇద్దరూ దేశానికి తిరిగి వెళ్లారు, పెద్దాయన అధ్యక్షుడయ్యాడు. ఏటా వేసవిలో ఇక్కణ్ణుంచి ఉత్తరం, ఆవకాయ సీసా వెళ్లేవి. అక్కణ్ణుంచి ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం మీద ఆయన సొంత చేతిరాతతో జవాబు వచ్చేది. అత్తయ్య లిఫ్టులో ఎవరు కనబడినా తన ఆవకాయ ఎంత దూరం వెళుతోందో చెప్పకుండా దిగేది కాదు. ఆ దేశపు రేవులో కాంట్రాక్టు అడగమని తోటి వ్యాపారులు ఎంత పోరినా, "అన్నం పెట్టి బిల్లు పంపుతామా అండీ?" అని మామయ్య నవ్వేసేవాడు.

ఒక్కసారే అడిగాడు. తన మీద ఏదో రాశాడని అధ్యక్షుడు ఆ పత్రికాయన్ని జైల్లో పెట్టించాడు. మామయ్య ఎన్నో కాగితాలు చింపి, చివరికి సూటిగా రాశాడు: మనతో కలిసి తిన్నవాడు, వదిలెయ్యి అని. ఎప్పటిలాగే సీసా కూడా పంపాడు. చాలా వారాలకి జవాబు వచ్చింది. ఎంతో ఆప్యాయంగా ఉంది. పేరుపేరునా క్షేమం అడిగాడు. ఈసారి ఆవకాయలో ఉప్పు కాస్త ఎక్కువైందన్నాడు. అంతే. మామయ్య కాగితం తిప్పి వెనక వైపు కూడా చూశాడు.

మరుసటి వేసవి అత్తయ్య సీసా కడుగుతుంటే, "ఇంక పంపొద్దే," అన్నాడు. ఈ ఏడు సీసా రాలేదేమని అక్కణ్ణుంచి ఉత్తరం వచ్చింది. మామయ్య జవాబు రాయలేదు.

నిన్న హాకర్ సెంటర్ నుంచి నేరుగా ఆయన దగ్గరికే వెళ్లాను. అత్తయ్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. కబురు చెప్పాను.

"ఆ రెండో అబ్బాయి సంగతేమన్నా చెప్పారామ్మా?" అని అడిగాడు.

లేదన్నాను. నాకు ఏడుపొచ్చింది.

"కారం పడేది కాదు పిచ్చోడికి," అన్నాడు మామయ్య.

కాలం ఒకణ్ణి గద్దె ఎక్కించింది, దించింది, మట్టిలో కూడా కలిపింది; మామయ్య అడిగినదానికి జవాబు మాత్రం ఇంతవరకూ తేలేదు.